బోడికొండ మీద గొడుగు

మా ఆవిడకి ఉరుములంటే భయం. పెళ్లయిన కొత్తలో అది చూసి నాకు నవ్వొచ్చేది. దూరంగా ఎక్కడో ఆకాశం గుడగుడమంటే చాలు, చేతిలో పని వదిలేసి టీవీ వైరు పీకేసేది. అద్దం మీద తువ్వాలు కప్పి, మంచం మధ్యలో కాళ్లు ముడుచుకుని కూర్చుని, పెదాలు కదుపుతూ అర్జునుడి పేర్లు చదువుకునేది. తన చిన్నప్పుడు వాళ్ల పెరట్లో కొబ్బరిచెట్టు మీద పిడుగు పడి, పచ్చిచెట్టు నిలువునా మండిపోవడం చూసిందట.

నాకేమో ఉరుములున్న మబ్బంటే పిచ్చి.

విజయనగరంలో ఒక ఆస్పత్రిలో మందులిచ్చే కిటికీ వెనక నా ఉద్యోగం. రోజంతా డాక్టర్ల చేతిరాతలు చదివి మాత్రలు కత్తిరించి ఇచ్చిన కళ్లకి, సెలవు దొరికితే దూరంగా ఏదైనా చూడాలనిపించేది. పదకొండేళ్ల కిందట వాడేసిన కెమెరా ఒకటి కొన్నాను. అప్పట్నుంచి మా సెలవులన్నీ సముద్రం ఒడ్డునే. భీమిలి, శాంతపల్లి, కళింగపట్నం. ఎక్కడ లైట్‌హౌస్ ఉంటే అక్కడికి. లైట్‌హౌస్ వెనక నల్లమబ్బు లేచిందంటే ఆ రోజు నాకు పండగే. తుపాను వస్తోందని జాలర్లు పడవలు పైకి లాక్కుంటుంటే నేను బస్సెక్కి అటే పోయేవాణ్ణి. మెరుపు మెరిశాక ఉరుము వినపడేదాకా అంకెలు లెక్కపెట్టేవాణ్ణి. మూడు అంకెలకి ఒక కిలోమీటరు. "పదిహేను వచ్చింది. ఐదు కిలోమీటర్ల అవతల ఉంది. మనకేం కాదు" అని లాడ్జి వరండాలోంచి గదిలోకి అరిచేవాణ్ణి. లోపల దుప్పటి కిందనుంచి మా ఆవిడ, "నాకు లెక్కలు సెప్పకండి" అనేది. తను ప్రాథమిక పాఠశాలలో టీచరు. పిల్లలకి లెక్కలు చెప్పేది తనే.

ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నాకు భయం వెయ్యలేదు. సముద్రం మీద తుపాను ఎప్పుడూ అక్కడుంటుంది, మనం ఇక్కడుంటాం. అదే నాకు తెలిసిన తుపాను.

మొన్న మే నెలలో ఒడ్డున ఎండలు తట్టుకోలేక, "ఈసారి కొండలకి పోదామండీ" అంది. అనంతగిరి దాటాక, రోడ్డు దిగి జీపులో మరికొంత పైకి వెళితే వచ్చే ఒక చిన్న ఊళ్లో గది దొరికింది. ఆ ఇంటావిడకి యాభై అయిదు ఉంటాయేమో. భర్త పోయాక కాఫీతోట, మిరియాల పాదులు, ఒక ఆవు, అన్నీ ఒక్కతే చూసుకుంటోంది. ఇంటికి ఆనించి వేసిన రేకుల గది మాకిచ్చింది. రాగి అంబలి, వెదురు కొమ్ముల కూర మాకని వేరే వండకుండా తను తినేదే పెట్టేది. మా ఆవిడా ఆవిడా మొదటి పూటే కలిసిపోయారు. నేను ఆ పూటే కొండ చూసి వచ్చాను.

ఇంటి వెనక కాఫీతోట. దాని మీద నీడకి వేసిన సిల్వర్ ఓక్ చెట్లు. అవి దాటితే చెట్టూ చేమా లేని పొడవాటి గట్టు. ఊళ్లో వాళ్లు దాన్ని బోడికొండ అంటారు. గట్టు మధ్యలో ఒంటరిగా ఒక్క ముసలి మామిడిచెట్టు. గట్టు చివర, కొంచెం ఎత్తులో పెద్ద బండ. ఆ బండ మీద నిలబడి వెనక్కి తిరిగితే గట్టంతా కింద కనిపిస్తుంది, మామిడిచెట్టు నిటారుగా ఆకాశంలోకి పొడుచుకుని ఉంటుంది. సముద్రం దగ్గర లైట్‌హౌస్‌ని ఎక్కడ పెట్టుకునేవాణ్ణో ఫోటోలో ఆ చెట్టుని అక్కడే పెట్టుకోవచ్చనుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం అన్నం తిన్నాక మబ్బు లేచింది. కొండల వెనకనుంచి ముందు కాలీఫ్లవరు పువ్వులా వచ్చింది. చూస్తుండగానే పైభాగం సాగి, కమ్మరి ఇనుము కొట్టే దాకలిలా చదునైపోయింది. అంత అందమైన మబ్బు నేను ఒడ్డున ఎప్పుడూ చూడలేదు. కెమెరా సంచీ, ట్రైపాడ్ భుజాన వేసుకుని బయల్దేరాను.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఏటండీ, ఇప్పుడా? ఆకాశం సూడండి ఎలాగుందో" అంది.

"అందుకే కదా వెళ్లేది. గంటలో వచ్చేస్తాను."

ఇంటావిడ పెరట్లో మిరియాలు ఆరబోసిన బరకం ముడుస్తోంది. తలెత్తి నా భుజం మీది ఇనప కాళ్లకేసి చూసింది. "ఎల్లకండి బాబూ. మబ్బేసినప్పుడు బోడి మీద ఎవలూ ఉండరు. ఈ మిరియాలు లోపలెట్టీసి నానూ ఆవుని ఇప్పుకొచ్చీడానికి ఎల్తాను."

"దూరంగా ఉందమ్మా అది. ఇంకా పాడేరు వైపే ఉంది" అన్నాను. లెక్కపెట్టి మరీ చెప్పాను. ఇరవై ఒకటి.

ఆవిడ మళ్లీ బరకం ముడుచుకుంది. మా ఆవిడ మాత్రం, "ఫోనుకి సిగ్నలు కూడా నేదిక్కడ. బేగి వచ్చీండి" అంది. ఆ మాటకి చెయ్యి ఊపి వెళ్లిపోయాను.

బండ ఎక్కేసరికి చెమటలు పట్టాయి. గాలి బొత్తిగా లేదు. ట్రైపాడ్ నిలబెట్టి, కింద గట్టు, మధ్యలో మామిడిచెట్టు, పైనంతా మబ్బు వచ్చేలా చూసుకున్నాను. అయిదు సెకన్లకోసారి తనంతట తనే ఫోటో తీసేలా కెమెరాకి చెప్పి పక్కన కూర్చున్నాను. అలా తీస్తే మబ్బు ఎదగడం తర్వాత వరసగా చూసుకోవచ్చు. మెరుపులు లోపల్లోపలే మెరుస్తున్నాయి, కాగితపు సంచీలో టార్చి లైటు వేసినట్టు. అంకెలు పద్దెనిమిది. మళ్లీ పదిహేడు. బాగానే ఉంది అనుకున్నాను. మెడ వెనక్కి వంచి, దాకలి అంచు నా తల మీదికి రావడం చూస్తూ సంతోషపడ్డాను. అది తల మీదికి వచ్చిందంటే ఏమిటో నాకు తట్టలేదు.

ఉన్నట్టుండి చల్లటి గాలి కొట్టింది. వెలుగు మారిపోయి, గట్టు మీది గడ్డి ఎప్పుడూ చూడని పసుపు రంగులోకి తిరిగింది. మెరిసింది. ఒకటి, రెండు అనేసరికి ఉరుము నా గుండెల్లో దిగింది.

ఇందాకటి పదిహేడు ఏమైందో అర్థం కాలేదు. మబ్బు నడిచి రాలేదు. నేను కూర్చున్న చోటే తయారైంది. లేచి ట్రైపాడ్ ముడుద్దామని చెయ్యి చాచాను. ఇనప కాళ్లు సన్నగా రొద పెడుతున్నాయి, తేనెటీగ చెవి దగ్గరికి వచ్చినట్టు. నా మోచేతి మీద వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకున్నాయి. చెయ్యి వెనక్కి లాగేసుకున్నాను. ఆ కాళ్లు ముట్టుకునే ధైర్యం లేకపోయింది. బండ మీదనుంచి పక్కకి దొర్లి, కింద రాళ్ల మధ్య గొంతుక్కూర్చుని తల మోకాళ్లలో పెట్టుకున్నాను. ఏళ్ల తరబడి నేను నవ్విన భయం ఎలా ఉంటుందో నా ఒంటికి మొదటిసారి తెలిసింది.

తల ఎత్తి చూసినప్పుడు గట్టు మీద గొడుగు కనిపించింది.

ఎర్ర గొడుగు. మాదే. మా ఆవిడ ఒక చేత్తో గొడుగు పట్టుకుని, రెండో చంకలో నా రెయిన్‌కోటు పెట్టుకుని, గాలికి ఎదురు వంగి నడుస్తోంది. టీవీ వైరు పీకేసి మంచం మధ్యలో కూర్చునే మనిషి, ఆ బోడికొండ మీద, ఆ ఆకాశం కింద, గొడుగు ఎత్తిపట్టుకుని నా కోసం వస్తోంది. చినుకులు పెద్దవి కావడంతో మామిడిచెట్టు వైపు తిరిగింది.

"చెట్టు కిందకి వెళ్లకు! గొడుగు పారెయ్యి! కూర్చో!" అని అరిచాను. గాలి నా మాటని వెనక్కి తోసేసింది. తనకి గొంతు వినపడింది కానీ మాట వినపడలేదు. నేను కనిపించానన్న సంతోషంతో గొడుగు ఇంకా పైకెత్తి ఊపింది. రమ్మంటున్నానేమో అనుకుని అడుగు వేగం చేసింది. నేను రెండు చేతులూ అడ్డంగా ఊపుతున్నాను. దూరం నుంచి అది రమ్మన్నట్టే కనిపించిందట. తర్వాత చెప్పింది.

చెట్టుకి తను ఇరవై అడుగుల దూరంలోకి వచ్చేసింది. చెట్టు కింద ఇంటావిడ ఆవు కట్టేసి ఉంది.

అప్పుడు కాఫీతోట వైపునుంచి ఇంటావిడ పరిగెత్తుకు రావడం చూశాను. చీర పైకి దోపుకుని, వంగి, గడ్డి మీద జారుతూ వస్తోంది. ఆవు ఆవిణ్ణి చూసి అరిచింది. ఆవిడ ఆవు వైపు వెళ్లలేదు. వెనకనుంచి వచ్చి మా ఆవిడ చేతిలో గొడుగు లాగి విసిరేసింది. భుజం పట్టుకుని చెట్టుకి దూరంగా ఈడ్చుకుపోయింది. మా ఆవిడ తడబడుతూ పది పదిహేను అడుగులు ఆవిడ వెంట వెళ్లింది.

పిడుగు పడిన చప్పుడు నాకు గుర్తు లేదు. తెల్లగా అయిపోయింది, అంతే. కళ్లు తెరిచేసరికి మామిడిచెట్టు పైనుంచి కిందికి చీలి పొగ కక్కుతోంది. ఆవు పక్కకి పడి ఉంది. గట్టు మీద మనుషులెవరూ నిలబడి లేరు.

ఎలా దిగానో తెలీదు. మోకాలి చర్మం లేచిపోయిందని ఇంటికి వచ్చాక చూసుకున్నాను. వడగళ్లు మొదలయ్యాయి. కాలిన వాసన, తడిమట్టి వాసన కలిసి గొంతులో పట్టుకున్నాయి. నేను చేరేసరికి ఇంటావిడ చేతుల మీద లేచి కూర్చుంటోంది. మా ఆవిడ లేవలేదు. వెల్లకిలా పడి ఉంది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి, వడగళ్లు మొహం మీద పడుతున్నా రెప్ప వెయ్యడం లేదు.

ఇరవై రెండేళ్లు ఆస్పత్రిలో పనిచేసినవాణ్ణి. మెడ దగ్గర నాడి చూడ్డం నాకు తెలుసు. వేళ్లు పెట్టాను. నా వేళ్లే వణుకుతున్నాయి, ఏదీ తెలియడం లేదు. ఇటు పక్క చూశాను, అటు పక్క చూశాను. "లేదు, లేదు" అంటున్నానట.

ఇంటావిడ నన్ను పక్కకి తోసి, మా ఆవిడ గుండె మీద చెవి ఆనించింది. ఆ వానలో ఎంతసేపలా ఉందో. "కొట్టుకుంటాంది బాబూ. ఊపిరాడతాంది. పల్లంలోకి లాగండి, బేగి. మళ్లీ పడతాది."

ఇద్దరం చెరో చెయ్యీ పట్టుకుని గట్టు పక్కన వాన కోసిన ఒక పల్లంలోకి దించాం. కాళ్లు బరువుగా, మనిషివి కానట్టు ఈడ్చుకొచ్చాయి. ముట్టుకుంటే మంచులా ఉన్నాయి, పాదాలు నీలం తిరిగాయి. నేను తనని ఒళ్లోకి తీసుకుని వాటేసుకోబోయాను.

"అలా అంటుకుని కూకోకండి" అంది ఇంటావిడ. "పడితే అందరం పోతాం. దూరంగా జరగండి. మడమలు దగ్గిరెట్టి కూకోండి."

"దీన్ని వదిలేసి ఎలా జరగను?"

"ఇక్కడే ఉంది కదా. సూత్తా కూకోండి."

ఆవిడ ఓ పదడుగుల అవతల గొంతుక్కూర్చుంది. నేను రెండడుగులు జరిగాను. అంతకన్నా జరగలేకపోయాను. చెయ్యి చాచి మా ఆవిడ చేతి వేళ్లు మాత్రం పట్టుకున్నాను.

ఆ పల్లంలో ఎంతసేపున్నామో చెప్పలేను. అరగంట అని తర్వాత అనుకున్నాం. మెరుపు మెరిసిన ప్రతిసారీ ఉరుము వచ్చేదాకా నా ఊపిరి ఆగిపోయేది. అంకెలు లెక్కపెట్టాలని కూడా అనిపించలేదు. లెక్కపెట్టడానికి మధ్యలో ఖాళీ ఉంటేగా. ఆకాశంలో ఎవరో మమ్మల్ని ముగ్గుర్నీ వెతుకుతున్నట్టు, ఒకసారి ఎడమవైపు, ఒకసారి కొండ వెనక, పడుతూనే ఉన్నాయి. వాననీళ్లు పల్లంలో పాదాలదాకా పేరుకున్నాయి. ఎన్ని మంచి ఫోటోలకి సరిపోయే మెరుపులో. ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు. మా ఆవిడ పెదాలే చూస్తూ కూర్చున్నాను.

ఎప్పటికో ఆ పెదాలు కదిలాయి. మాట రావడం లేదు. అర్జునుడి పేర్లే అయుంటాయని నాకు తెలిసిపోయింది. "బతికింది" అన్నాను ఇంటావిడతో, ఆవిడే నాకు ముందు చెప్పిందన్న సంగతి మర్చిపోయి. మా ఆవిడ కళ్లు నా వైపు తిప్పి, తన గొంతు తనకే వినపడక కాబోలు గట్టిగా, "కాళ్లు నేవండీ! నా కాళ్లు నేవు!" అని అరిచింది. ఉన్నాయని చేత్తో తట్టి చూపించాను. ఆ తట్టడం తనకి తెలియలేదు. పిడుగు కన్నా ఆ అరుపు నన్ను ఎక్కువ భయపెట్టింది.

వాన పలచబడ్డాక ఇంటావిడ కిందకి పోయి ఊళ్లో నలుగుర్ని పిలుచుకొచ్చింది. బొంగుకర్రలకి దుప్పటి కట్టి దించారు. జీపు ఘాట్ రోడ్డులో మలుపు తిరిగినప్పుడల్లా తన కాళ్లు ప్రాణం లేనట్టు నా ఒడిలో అటూ ఇటూ పడేవి. కింద మైదానం దగ్గరపడ్డాక ఫోను ఒక్కసారిగా మోగింది. 'మీ మండలంలో పిడుగులు పడే అవకాశం. చెట్ల కింద ఉండకండి' అని మెసేజీ. మధ్యాహ్నం పంపింది అప్పుడొచ్చింది.

ఆస్పత్రిలో డాక్టరు చూసి, పిడుగు దగ్గర్లో పడితే భూమిలోంచి కరెంటు కాళ్లలోకి ఎక్కుతుందని, అలాంటప్పుడు కాళ్లు కొన్ని గంటలు చచ్చుబడి మళ్లీ వస్తాయని చెప్పాడు. "వస్తాయా?" అని నాలుగుసార్లు అడిగుంటాను. చీకటి పడుతుండగా తన ఎడమ బొటనవేలు కదిలింది. తర్వాత మోకాలు. నేను వార్డు బయట గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాను. మర్నాటికి పట్టుకుంటే నడిచింది. కుడిచెవిలో పొర చిరిగిపోయింది. అది పూర్తిగా అతుక్కోలేదు. ఆ చెవిలో ఇప్పటికీ రొద ఉంది.

తను వార్డులో ఉండగానే ఒకసారి అడిగాను, ఎందుకొచ్చావని.

"మీరు ఎల్లాక నాకు మంచం మీద కూకోడం అవ్వలేదండి. పేర్లు సదువుకోడం కూడా అవ్వలేదు. లోపలున్నా బయటున్నా భయమే. అదేదో మీ దగ్గరికొచ్చే పడదామనుకున్నాను."

వారం తర్వాత కెమెరా కోసం, అంతకన్నా ఇంటావిణ్ణి చూడ్డం కోసం ఒక్కణ్ణే వెళ్లాను. ఆవిడ వాకిట్లో ఆవుకి కట్టిన పలుపుతాడు చుట్టి పెట్టుకుని ఉంది. నేను చేతులు జోడించబోతే పట్టుకుని ఆపేసింది. ఆ రోజు కొండ మీద చుక్క కన్నీరు పెట్టని మనిషి అప్పుడు ఏడ్చింది. "అది నన్ను సూసి అరిసింది బాబూ. ఇప్పుతాననుకుంది" అంది. చాలాసేపు ఆవిడ పక్కన అరుగు మీద కూర్చున్నాను. కెమెరాని ఊళ్లోవాళ్లు తెచ్చి లోపల పెట్టారు. తడిసి పనికిరాకుండా పోయింది. కార్డు మాత్రం బాగానే ఉంది.

ఇంటికొచ్చి ఒక్కణ్ణే కంప్యూటర్లో పెట్టి చూశాను. మబ్బు ఎదగడం వరసగా ఉంది. గట్టు అవతలి చివర మొదట ఎర్రటి చుక్క. తర్వాతి ఫోటోలో అది కొంచెం దగ్గరికి వచ్చింది. తర్వాతి దాంట్లో ఇంకొంచెం. ఆ చుక్క కనిపించడం మొదలైనప్పటికి నేనింకా బండ మీదే ఉన్నాను. గాలి కూడా రాలేదు. మెడ వెనక్కి వంచి నెత్తి మీద మబ్బు చూస్తున్నాను. ఒక్కసారి కళ్లు దించి ఉంటే వెనక్కి పొమ్మని చెయ్యి ఊపడానికి కావలసినంత సమయం ఉంది. ముప్పై ఫోటోల దాకా తను నడుస్తూనే ఉంది. నా కెమెరా చూసింది. నేను చూడలేదు.

ఆ సంగతి దాచలేకపోయాను. తనని పిలిచి కూర్చోబెట్టి అన్నీ చూపించాను. తను ఒక్కొక్కటీ నిదానంగా జరుపుతూ చూసింది. చెట్టు దగ్గర ఆగింది. ఇంటావిడ తన భుజం పట్టుకున్న ఫోటో దగ్గర చాలాసేపు ఆగింది. దాని తర్వాతిది తెల్లగా ఉంది, అందులో ఏమీ లేదు.

"ఇదిగో, ఇది ఆవిడకి పంపుదాం" అంది భుజం పట్టుకున్న ఫోటో చూపించి. "మిగతావి మీ ఇష్టం."

తిట్టి ఉంటే బాగుండేది.

మిగతావి నేను చెరపలేదు. చూడనూ లేదు. ఇప్పుడు జూలై. మళ్లీ కెమెరా కొనలేదు. మధ్యాహ్నాలు మబ్బు వేస్తే మందుల కిటికీ దగ్గర లైనులో నిలబడ్డవాళ్లని ఒక్క నిమిషం ఆగమని స్కూలుకి ఫోను చేస్తాను. తను ఎడమచెవి దగ్గర పెట్టుకుని, "క్లాసులోనే ఉన్నానండి. తలుపులేసే ఉన్నాయి. పిల్లలు నవ్వుతన్నారు, పెట్టీండి" అంటుంది. పెట్టేస్తాను. కాసేపయ్యాక మళ్లీ చేస్తాను.